అమెరికాలో క్లినికల్ రొటేషన్: యూనివర్సిటీ ఎలక్టివా, ఏజెన్సీ ప్యాకేజీయా, అబ్జర్వర్‌షిప్పా?

ఎంబీబీఎస్ మూడో ఏడాదికి వచ్చేసరికి ప్రతి బ్యాచ్‌లోనూ యూఎస్‌ఎంఎల్‌ఈ (అమెరికాలో డాక్టరు లైసెన్సుకు రాసే పరీక్ష) కోసం ఒక వాట్సాప్ గ్రూపు పుడుతుంది. ఆ పరీక్షలో మొదటి భాగమైన స్టెప్ 1 నోట్సుల మధ్యలో అప్పుడప్పుడూ ఒక పోస్టర్ వచ్చి పడుతుంది: "షికాగోలో అక్రెడిటెడ్ రొటేషన్. హ్యాండ్స్ ఆన్. లెటర్ గ్యారంటీ. సీట్లు పరిమితం." కింద ధర డాలర్లలో ఉంటుంది. రొటేషన్ అంటే అక్కడి ఆసుపత్రిలోనో క్లినిక్‌లోనో కొన్ని వారాలు డాక్టర్లతో ఉండి నేర్చుకోవడం. హ్యాండ్స్ ఆన్ అంటే పేషెంటును స్వయంగా పరీక్షించడం. లెటర్ అంటే అక్కడి డాక్టరు రాసే సిఫార్సు లేఖ, రెసిడెన్సీకి (అమెరికాలో పీజీ శిక్షణకు) అప్లై చేసేటప్పుడు అది కావాలి. ఆ పోస్టర్ చూసి ఇంట్లో అడగాలా వద్దా అని తేల్చుకోలేకపోతున్నవాళ్ల కోసం, వాళ్ల అమ్మానాన్నల కోసం కూడా ఇది రాస్తున్నాను.

ముందు ఆ "అక్రెడిటెడ్" సంగతి చూద్దాం. అమెరికాలో నాలుగు వారాల రొటేషన్‌కంటూ విడిగా గుర్తింపు ఇచ్చే సంస్థ ఏదీ లేదు. ఎండీ కోర్సు (అక్కడ ఇది మన ఎంబీబీఎస్ లాంటి మొదటి వైద్య డిగ్రీ) నడిపే మెడికల్ స్కూళ్లకు ఎల్‌సీఎంఈ అనే సంస్థ గుర్తింపు ఇస్తుంది. డీఓ (ఆస్టియోపతిక్ వైద్యం) డిగ్రీ ఇచ్చే కాలేజీలకు కోకా అనే సంస్థ ఇస్తుంది. ఆసుపత్రుల్లో నడిచే రెసిడెన్సీ ప్రోగ్రాములకు ఏసీజీఎంఈ ఇస్తుంది. కాబట్టి గుర్తింపు ఉండేది స్కూలుకో రెసిడెన్సీ ప్రోగ్రాముకో తప్ప మీకు అమ్ముతున్న నాలుగు వారాలకు కాదు. ఎవరైనా ఆ మాట అంటే మీరు అడగాల్సింది ఒకటే: ఏ స్కూలుకి, లేదా ఏ ఆసుపత్రిలోని ఏ రెసిడెన్సీకి? పేరు చెబితే మాట్లాడొచ్చు. "మా నెట్‌వర్క్ అంతా టాప్ హాస్పిటల్సే అండీ" అని సాగదీస్తే ఫోన్ పెట్టేయండి.

ఈ లెక్కన చూస్తే, ఎల్‌సీఎంఈ గుర్తింపున్న స్కూల్లో విజిటింగ్ స్టూడెంట్‌గా చేసే ఎలక్టివ్ (విద్యార్థి ఎంచుకుని చేసే రొటేషన్) అన్నిటికంటే గట్టిది. అది వాళ్ల కోర్సు కేటలాగులో ఉంటుంది, చివర్లో స్కూలే ఇవాల్యుయేషన్ ఇస్తుంది. ఏసీజీఎంఈ రెసిడెన్సీ నడుస్తున్న ఆసుపత్రిలో రెసిడెంట్లతో కలిసి చేసేది దాని తర్వాతది. ప్రైవేటు క్లినిక్‌లో ఒక డాక్టరు పక్కన ఉండి చేసేది మూడోది. ఈ మూడోదాన్ని మొదటిదాని పేరుతో అమ్మడమే అసలు తంటా.

మీరు ఇంకా విద్యార్థేనా?

డబ్బు కంటే, స్కోరు కంటే ముందు తేలాల్సింది ఇది. యూనివర్సిటీ ఎలక్టివ్‌లు విద్యార్థులకే. డిగ్రీ చేతికొచ్చిన మరుక్షణం ఆ తలుపు దాదాపు మూసుకుపోతుంది. ఆ తర్వాత ఎంత డబ్బు పెట్టినా, స్టెప్ 2లో ఎంత స్కోరు తెచ్చినా అది మళ్లీ తెరుచుకోదు. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోమన్నారు కదా. ఇక్కడ ఆ దీపం మీ కాలేజీ ఇచ్చే బోనఫైడ్ సర్టిఫికెట్.

హౌస్ సర్జన్సీలో ఉన్నవాళ్ల పరిస్థితి మధ్యరకం. మన లెక్కలో ఇంటర్న్‌షిప్ పూర్తయితేనే డిగ్రీ, కాబట్టి ఇంకా విద్యార్థులే అని కొన్ని అమెరికన్ స్కూళ్లు ఒప్పుకుంటాయి. ఫైనల్ పరీక్ష పాసైపోయారు కాబట్టి కుదరదని మరికొన్ని అంటాయి. మన ఇంటర్న్‌షిప్ అంటే ఏమిటో వాళ్లకు తెలియకపోవడం మామూలే. అందుకని అప్లై చేయకముందే ఈమెయిల్లో రెండు వాక్యాల్లో వివరించి, రాతపూర్వకంగా జవాబు తెచ్చుకోండి.

మరి వెళ్లేదెప్పుడు? జాతీయ వైద్య కమిషన్ (ఎన్‌ఎంసీ) నిబంధనల ప్రకారం ప్రాక్టికల్, క్లినికల్ హాజరు 80 శాతం ఉండాలి. ఫైనలియర్ మధ్యలో రెండు నెలలు మాయమైతే హాల్ టికెట్ దగ్గర ఇబ్బంది పడతారు. హౌస్ సర్జన్సీలో మామూలుగా దొరికే సెలవు 15 రోజులు. అంతకు మించితే ఆ మేరకు ఇంటర్న్‌షిప్ వెనక్కి జరుగుతుంది. ఇక మిగిలింది ఫైనల్ పరీక్షలకూ ఇంటర్న్‌షిప్ మొదలవడానికీ మధ్య దొరికే ఖాళీ. అది ఏటా ఒకేలా ఉండదు. విజయవాడ ఎన్టీఆర్ యూనివర్సిటీ, వరంగల్ కాళోజీ యూనివర్సిటీ పరీక్షల తేదీలు జరిగితే మీ విమానం తేదీ కూడా జరగాలి. అందుకే టికెట్ రీషెడ్యూల్‌కు వీలున్నదే కొనండి, ఒక పదివేలు ఎక్కువైనా సరే.

యూనివర్సిటీ ఎలక్టివ్

ఇందులో రోజు ఎలా గడుస్తుందో చెబితే దీనికి ఇంత విలువ ఎందుకో అర్థమవుతుంది. పొద్దున ఆరు, ఆరున్నరకల్లా వార్డులో ఉండాలి. మీకు అప్పగించిన ఇద్దరు ముగ్గురు పేషెంట్ల దగ్గరికి వెళ్లి, రాత్రి ఏం జరిగిందో నర్సును అడిగి, పరీక్ష చేసి, కంప్యూటర్లో ల్యాబ్ రిపోర్టులు చూసుకుని, అటెండింగ్ (టీమ్‌ను నడిపే సీనియర్ డాక్టరు) వచ్చేసరికి సిద్ధంగా ఉండాలి. రౌండ్స్‌లో ముందు మాట్లాడేది మీరే. హిస్టరీ, ఎగ్జామినేషన్ చెప్పాక ఆగితే కుదరదు, "నీ ప్లాన్ ఏంటి?" అని అడుగుతారు. మన దగ్గర పాతికమంది గుంపులో వెనక వరుసలో నిలబడి ప్రొఫెసర్ మాట సగం విని నోట్సు రాసుకోవడం అలవాటైనవాళ్లకు మొదటి వారం చెమటలు పడతాయి. ప్లాన్ తప్పు చెప్పినా ఎవరూ ఏమీ అనుకోరు, నోరు తెరవకపోతేనే గుర్తుపెట్టుకుంటారు. మధ్యాహ్నం రెసిడెంట్లతో పాటు నూన్ కాన్ఫరెన్స్, ఆ తర్వాత నోట్సు రాయడం, కొత్త అడ్మిషన్లు. నాలుగు వారాలు ఇలా గడిచాక అటెండింగ్ రాసే లెటరులో సరుకుంటుంది.

దీనికి దారులు రెండు. ఒకటి, అమెరికా మెడికల్ కాలేజీల సంఘం ఏఏఎంసీ నడిపే వీఎస్‌ఎల్‌ఓ అనే ఆన్‌లైన్ వ్యవస్థ. మీ కాలేజీ అందులో చేరి ఉంటేనే మీకు ప్రవేశం. విద్యార్థి సొంతంగా లాగిన్ తెచ్చుకోలేడు. రెండోది, విదేశీ విద్యార్థులను నేరుగా తీసుకునే స్కూళ్లకు వాళ్ల వెబ్‌సైట్ ద్వారా అప్లై చేయడం. కోవిడ్ సమయంలో చాలా స్కూళ్లు విదేశీ విద్యార్థులను తీసుకోవడం ఆపేశాయి, అన్నీ మళ్లీ తెరవలేదు. పాత సీనియర్ ఇచ్చిన లిస్టు పట్టుకుని కూర్చోకుండా ఒక్కో స్కూలు పేజీ తెరిచి ఈ ఏడాది ఏం రాశారో చూడండి. కొన్ని స్కూళ్లు తమతో ఒప్పందం ఉన్న విదేశీ కాలేజీల విద్యార్థులనే తీసుకుంటాయి, వాటిని మొదట్లోనే పక్కన పెట్టేస్తే వారం పని మిగులుతుంది.

చాలా చోట్ల స్టెప్ 1 పాసై ఉండాలంటారు. 2022 జనవరి నుంచి స్టెప్ 1కు స్కోరు తీసేసి పాస్, ఫెయిల్ మాత్రమే ఇస్తున్నారు కాబట్టి పాసైతే చాలు. కొందరు టోఫెల్ అడుగుతారు. డీన్ లెటర్, ట్రాన్‌స్క్రిప్ట్, బీఎల్‌ఎస్ సర్టిఫికెట్, పోలీసు వెరిఫికేషన్, హెల్త్ ఇన్సూరెన్స్ ఎలాగూ ఉంటాయి. మనవాళ్లు బోల్తా పడేది మాల్‌ప్రాక్టీస్ ఇన్సూరెన్స్ (వైద్యంలో పొరపాటు జరిగితే పరిహారం కట్టే బీమా) దగ్గర. ఒక క్లెయిముకు పది లక్షల డాలర్లు, మొత్తం మీద ముప్పై లక్షల డాలర్ల కవరేజీ చూపించమనడం అక్కడ మామూలు. మన ప్రభుత్వ కాలేజీల్లో అలాంటిది ఉండదు. విద్యార్థుల కోసం ఇలాంటి పాలసీలు అమ్మే అమెరికన్ కంపెనీలున్నాయి. ఏ కంపెనీ పాలసీ చెల్లుతుందో ఆ స్కూలునే అడిగి కొనండి.

కాలేజీ ఆఫీసు సంగతి కూడా చెప్పాలి. అమెరికన్ స్కూలు ఫారం తీసుకెళ్తే స్టూడెంట్ సెక్షన్లో మొదట వచ్చే జవాబు "మా దగ్గర ఇలాంటి ఫార్మాట్ లేదు." కోప్పడి లాభం లేదు. ఫారం ప్రింటు తీసి, సంతకం ఎక్కడ, సీలు ఎక్కడ అని పెన్సిల్‌తో గుర్తు పెట్టి, పైన ఒక పేజీ దరఖాస్తు జతచేసి, అంతకుముందు వెళ్లిన సీనియర్ ఫైలు కాపీ ఉంటే అది కూడా పెట్టి ఇవ్వండి. పాత ఫైలు కనిపిస్తే సంతకం త్వరగా పడుతుంది. ఇంకో చిక్కు: డీన్ లెటర్ కాలేజీ అధికారిక ఈమెయిల్ నుంచే రావాలని అక్కడివాళ్లు పట్టుబడతారు. మన ప్రిన్సిపాల్ ఆఫీసుల్లో చాలా వాటికి జీమెయిల్ అకౌంటే దిక్కు. కాలేజీ డొమైన్ మీద ఒక ఐడీ పనిచేస్తుందో లేదో ఆరు నెలల ముందే చూసుకోండి.

ఖర్చు చోటును బట్టి మారుతుంది. కొన్ని చోట్ల అప్లికేషన్ ఫీజుతో సరిపోతుంది, పెద్ద పేరున్న కొన్ని స్కూళ్లు నాలుగు వారాలకు నాలుగైదు వేల డాలర్లు తీసుకుంటాయి. జులై నుంచి అక్టోబరు దాకా వాళ్ల సొంత విద్యార్థులకే రద్దీ, ఆ నెలల్లో బయటివాళ్లకు దొరకడం కష్టం. జనవరి నుంచి మే మధ్య కొంచెం నయం. ఆరు నుంచి తొమ్మిది నెలల ముందు మొదలుపెట్టాలి. పది చోట్ల అప్లై చేస్తే ఒకటి రెండు తగలడం మంచి ఫలితమే అనుకోండి.

ఏజెన్సీ ప్యాకేజీ

ఏజెన్సీలన్నీ మోసమని నేను అనను. డీన్ ఆఫీసు సహకరించని విద్యార్థికి, అమెరికాలో ఎవరూ తెలియని కుటుంబానికి అవి నిజంగా పనికొస్తాయి. తేదీలు ఖాయం చేస్తారు, ఇన్సూరెన్స్ కలిపి ఇస్తారు, వీసాకు కావలసిన లెటర్ ఇస్తారు. నాలుగు వారాలకు సుమారు 1500 నుంచి 3000 డాలర్లు పుచ్చుకుంటారు, స్పెషాలిటీని బట్టి ఇంకా ఎక్కువ కూడా. మీరు నిజంగా కొంటున్నదేమిటో తెలుసుకుని కొంటే గొడవ లేదు.

ఎక్కువ భాగం దొరికేది ప్రైవేటు ఇంటర్నల్ మెడిసిన్ లేదా ఫ్యామిలీ మెడిసిన్ క్లినిక్. ఆ డాక్టరు దగ్గర ఒకేసారి మీలాంటివాళ్లు నలుగురైదుగురు ఉండొచ్చు. పొద్దున తొమ్మిదికి మొదలై నాలుగింటికి ముగుస్తుంది. బీపీ, షుగరు, మోకాళ్ల నొప్పులు, మందుల రీఫిల్. అమెరికన్ అవుట్‌పేషెంట్ పద్ధతి, ఇన్సూరెన్స్ గొడవలు, పేషెంటుతో మాట్లాడే తీరు నేర్చుకోవడానికి బాగానే ఉంటుంది. రెసిడెన్సీ ప్రోగ్రాము డైరెక్టరుకు మాత్రం దీని గురించి కొత్తగా చెప్పేదేమీ లేదు. అలాంటి లెటర్లు వాళ్ల దగ్గరికి కుప్పలుగా వస్తాయి.

డబ్బు కట్టే ముందు డాక్టరు పూర్తి పేరు, ఆసుపత్రి పేరు అడిగి తీసుకోండి. డబ్బు కట్టాకే పేరు చెప్తామనేవాళ్లు ఉన్నారు, అలాంటిచోట కట్టకండి. పేరు తెలిశాక చూడాల్సినవన్నీ ఇంట్లో కూర్చుని ఉచితంగా చూడొచ్చు. అమెరికా ప్రభుత్వ ఎన్‌పీఐ రిజిస్ట్రీలో ఆ పేరు కొడితే స్పెషాలిటీ, క్లినిక్ చిరునామా వస్తాయి. ఆ రాష్ట్ర మెడికల్ బోర్డు వెబ్‌సైట్‌లో లైసెన్సు అమల్లో ఉందా, క్రమశిక్షణ చర్యలేమైనా ఉన్నాయా అన్నది కనిపిస్తుంది. ఏసీజీఎంఈ సైట్‌లో ఆ ఆసుపత్రికి మీరు కోరుకున్న స్పెషాలిటీలో రెసిడెన్సీ ఉందో లేదో తెలుస్తుంది. స్పెషాలిటీ మాట ఎందుకంటున్నానంటే, ఫ్యామిలీ మెడిసిన్ రెసిడెన్సీ మాత్రమే ఉన్న ఆసుపత్రిని సర్జరీ రొటేషన్‌కు "అక్రెడిటెడ్ హాస్పిటల్" అని చూపించడం జరుగుతుంటుంది.

"హాస్పిటల్ అఫిలియేటెడ్" అన్న మాట దగ్గరా ఆగండి. ఆ డాక్టరు తన పేషెంట్లను అక్కడ అడ్మిట్ చేయగలడన్నది దాని అర్థం కావచ్చు, అంతే. రెసిడెంట్లకు పాఠం చెప్తారా, మీరు ఆ ఆసుపత్రి గేటు దాటి లోపలికి వెళ్లగలరా, లెటరు ఏ లెటర్‌హెడ్ మీద వస్తుంది, ఈ మూడూ ఈమెయిల్లో అడగండి. ఫోన్లో చెప్పింది లెక్కలోకి రాదు. రద్దు చేసుకుంటే ఎంత తిరిగొస్తుంది, వీసా రాకపోతే ఏమిటి అన్నది కూడా అగ్రిమెంటులో ఉండాలి. వీసా తిరస్కరించినా ఫీజులో సగం కోసుకునేవాళ్లున్నారు.

"లెటర్ గ్యారంటీ" గురించి నా అభిప్రాయం సూటిగా చెప్తాను. మిమ్మల్ని చూడకముందే ఖాయమైన లెటరులో మీ గురించి ఏముంటుంది?

డిగ్రీ అయిపోయినవాళ్లకు

పట్టా చేతికొచ్చాక "హ్యాండ్స్ ఆన్ ఎక్స్‌టర్న్‌షిప్" అని ఎవరైనా అమ్ముతుంటే, ముందు వీసా నిబంధన చూడండి. బీ1 వీసా మీద ఎలక్టివ్ క్లర్క్‌షిప్ చేయడానికి అమెరికా విదేశాంగ శాఖ ఇచ్చిన వెసులుబాటు విదేశీ మెడికల్ స్కూల్లో చదువుతున్న విద్యార్థికి, అదీ అమెరికన్ మెడికల్ స్కూలుకు చెందిన ఆసుపత్రిలో, ఆసుపత్రి నుంచి జీతం తీసుకోకుండా. డిగ్రీ అయిన డాక్టరు బీ1 మీద వెళ్లి అక్కడి వైద్య పద్ధతులను గమనించవచ్చు. జీతం ఉండకూడదు, పేషెంటుకు వైద్యం చేయకూడదు. అంటే గ్రాడ్యుయేట్‌కు బీ వీసా మీద చట్టబద్ధంగా దొరికేది అబ్జర్వర్‌షిప్పే. స్టెతస్కోపు పెట్టనిస్తామని క్లినిక్ వాళ్లు అన్నారని సంబరపడకండి; ఎయిర్‌పోర్టులో ఇమిగ్రేషన్ ఆఫీసరు అడిగితే జవాబు చెప్పాల్సింది మీరు, క్లినిక్ కాదు. విద్యార్థులకూ ఇదే జాగ్రత్త: ప్రైవేటు క్లినిక్‌లో హ్యాండ్స్ ఆన్ అన్నది ఆ క్లర్క్‌షిప్ వెసులుబాటులో సూటిగా ఇమడదు.

అబ్జర్వర్‌షిప్ అంటే చిన్నచూపు అక్కర్లేదు. ఎక్కడ చేశారన్నదే ముఖ్యం. రెసిడెన్సీ ఉన్న ఆసుపత్రిలో, ఆ ప్రోగ్రాములో పాఠం చెప్పే డాక్టరు దగ్గర అబ్జర్వర్‌గా ఉండటం, ఏదో ఊరి చివరి క్లినిక్‌లో "హ్యాండ్స్ ఆన్" కంటే నా లెక్కలో మెరుగు. రోజూ పొద్దున టీమ్‌తో తిరుగుతారు, కాన్ఫరెన్సుల్లో కూర్చుంటారు, రెసిడెంట్లు మిమ్మల్ని చూస్తారు, ప్రోగ్రాము కోఆర్డినేటరుకు మీ ముఖం తెలుస్తుంది. ఇంటర్వ్యూ లిస్టు తయారయ్యేటప్పుడు ఆ పరిచయం పనికొస్తుంది.

ఇక్కడ మనవాళ్లకు ఒక బలం ఉంది. ఉస్మానియా, గాంధీ, ఆంధ్ర, గుంటూరు మెడికల్ కాలేజీల్లో చదివి అమెరికాలో స్థిరపడినవాళ్లు వందల్లో ఉన్నారు, పూర్వ విద్యార్థుల సంఘాలున్నాయి. గుంటూరు వాళ్ల జింకానా పేరు వినే ఉంటారు. మీ కాలేజీ సీనియర్‌కు రాసే ఈమెయిలు తెలియని వందమందికి పంపే ఈమెయిలు కంటే బాగా పనిచేస్తుంది. "సార్, నేను ఫలానా బ్యాచ్, మీరు పనిచేసే ఆసుపత్రిలో నాలుగు వారాలు అబ్జర్వర్‌గా రావడానికి ఎవరిని అడగాలో చెప్పగలరా?" అని చిన్నగా, సూటిగా రాయండి. నేరుగా రొటేషన్ ఇప్పించమనే కంటే దారి చెప్పమంటే జవాబు వచ్చే అవకాశం ఎక్కువ. సొంత బాబాయో మేనమామో అక్కడ డాక్టరైతే వాళ్లింట్లో ఉండండి, లెటరు మాత్రం వాళ్లు కాకుండా వేరేవాళ్లు రాసేలా చూసుకోండి. ఇంటిపేరు కలిస్తే చదివేవాళ్లకు వెంటనే తెలుస్తుంది.

పెళ్లయి హెచ్4 మీద డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉంటున్న మన డాక్టరమ్మాయిల సంగతి వేరు. మీకు బీ వీసా గొడవ లేదు, ఇల్లు ఉంది, కారు ఉంది. నాలుగు వారాలకని ఏజెన్సీకి రెండు వేల డాలర్లు కట్టే బదులు, దగ్గర్లోని టీచింగ్ హాస్పిటల్లో నెలల తరబడి సాగే అబ్జర్వర్‌షిప్ కోసం ప్రయత్నించడం మంచిది. హెచ్4 ఈఏడీ (పనిచేయడానికి అనుమతి) ఉంటే జీతమున్న రిసర్చ్ కోఆర్డినేటర్ ఉద్యోగం కూడా చేయొచ్చు. డిగ్రీ పూర్తయి ఏళ్లు గడిచేకొద్దీ కొన్ని ప్రోగ్రాములు అప్లికేషన్ తెరవకుండానే పక్కన పెడతాయి కాబట్టి పిల్లలు స్కూలుకు వెళ్లేదాకా ఆగుదాం అనుకుంటే ఈ లెక్క కూడా వేసుకోండి.

కరీబియన్ కాలేజీలో చేరదామనుకునేవాళ్లకు

ఇక్కడ రొటేషన్లు మీరు వెతుక్కోరు, కాలేజీయే ఇస్తుంది. గ్రెనడాలోని సెయింట్ జార్జెస్ లాంటి స్కూళ్లలో మొదటి రెండేళ్లు ద్వీపంలో, తర్వాతి రెండేళ్లు ఎక్కువగా అమెరికా ఆసుపత్రుల్లో. కోర్ రొటేషన్లు 42 వారాలు: మెడిసిన్, సర్జరీ పన్నెండేసి, పీడియాట్రిక్స్, గైనిక్, సైకియాట్రీ ఆరేసి. ఇవి ఏసీజీఎంఈ రెసిడెన్సీ ఉన్న ఆసుపత్రుల్లోనే జరుగుతాయా అన్నది అడగాలి. అలాంటివాటిని విద్యార్థులు "గ్రీన్ బుక్" రొటేషన్లంటారు. టెక్సస్ లాంటి రాష్ట్రాల లైసెన్సింగ్ బోర్డులు దీన్ని పట్టించుకుంటాయి. న్యూయార్క్‌లోనైతే 12 వారాలకు మించి క్లర్క్‌షిప్ చేయించాలంటే ఆ స్కూలుకు రాష్ట్ర విద్యాశాఖ అనుమతి ఉండాలి. పెద్ద స్కూళ్లకు ఈ ఏర్పాట్లున్నాయి. చిన్నవాటిలో కోర్ రొటేషన్ కోసం నెలల తరబడి ఖాళీగా కూర్చోవాల్సి రావచ్చు, ప్రతి రొటేషన్‌కూ ఊరు మారాల్సి రావచ్చు.

అయితే మన తల్లిదండ్రులకు కన్సల్టెన్సీలు చెప్పని మాట ఒకటుంది. 2021 నవంబరులో ఎన్‌ఎంసీ తెచ్చిన విదేశీ వైద్య పట్టభద్రుల నిబంధనల ప్రకారం, ఇండియాలో ప్రాక్టీసు చేయాలంటే కోర్సు 54 నెలలకు తగ్గకూడదు, ఆపైన 12 నెలల ఇంటర్న్‌షిప్ ఉండాలి. చదువు, శిక్షణ, ఇంటర్న్‌షిప్ మొత్తం అదే విదేశీ సంస్థలో జరగాలి. డిగ్రీ ఇచ్చిన దేశంలో తప్ప ఇండియాలో గానీ మరే దేశంలో గానీ ఏ భాగమూ చేయకూడదు. డిగ్రీ ద్వీపానిది, రొటేషన్లు అమెరికావి అయితే ఈ నిబంధన నెరవేరదు. అమెరికా రెసిడెన్సీకి ఏది బలమో, ఇంటికి తిరిగి రావడానికి అదే అడ్డు. "మొదటి రెండేళ్లు హైదరాబాద్‌లోనే, తర్వాత ద్వీపం" అనే ప్యాకేజీలకూ ఇదే చిక్కు. అమెరికాలో మ్యాచ్ (రెసిడెన్సీ సీట్ల కేటాయింపు)లో సీటు రాకపోతే ఏమిటన్నది కోట్లు కట్టకముందే ఇంట్లో కూర్చుని మాట్లాడుకోవాలి. 2024 మ్యాచ్‌లో అమెరికా పౌరులు కాని విదేశీ గ్రాడ్యుయేట్లలో సీటు దొరికింది 58.5 శాతం మందికి. మిగిలినవాళ్లలో ఇక్కడ ఎంబీబీఎస్ చేసినవాళ్లు వెనక్కి వచ్చి నీట్ పీజీ రాసుకోగలరు.

అందుకే ఇండియాలో ఎంబీబీఎస్ సీటు చేతిలో ఉండి, అమెరికా రొటేషన్ల కోసం కరీబియన్ వైపు చూసేవాళ్లకు నా సలహా వద్దనే. మన కాలేజీల డిగ్రీకి విలువ పోతుందేమోనన్న భయమూ అక్కర్లేదు. 2023 సెప్టెంబరులో ఎన్‌ఎంసీకి ప్రపంచ వైద్య విద్య సమాఖ్య (డబ్ల్యూఎఫ్‌ఎంఈ) పదేళ్ల గుర్తింపు ఇచ్చింది, విదేశీ డాక్టర్లకు అమెరికా రెసిడెన్సీ కోసం సర్టిఫికెట్ ఇచ్చే ఈసీఎఫ్‌ఎంజీ కోరుకునేది ఆ గుర్తింపునే.

డబ్బు, టీకాలు, వీసా

ఎనిమిది వారాల ఏజెన్సీ రొటేషన్‌కు ఒక అంచనా వేద్దాం. ఫీజు 4000 డాలర్లు, గది అద్దె 2000, తిండి, రాకపోకలు 800, వీసా ఫీజు 185. డాలర్‌ను 88 రూపాయలుగా లెక్కేస్తే ఆరు లక్షల పైన. విమానం లక్షా ఇరవై వేలు కలిపితే ఏడున్నర లక్షల దగ్గర తేలుతుంది. బంధువుల ఇంట్లో ఉంటే లక్షా డెబ్భై వేలు మిగులుతుంది గానీ, వాళ్ల ఇంటి నుంచి క్లినిక్‌కు బస్సు ఉందో లేదో ముందు చూడండి. హ్యూస్టన్ శివార్లలో కారు లేకపోతే ఊబర్‌కే రోజూ నలభై డాలర్లు పోతాయి. న్యూయార్క్, షికాగోల్లో రైలుంది, అద్దె ఎక్కువ. మొత్తం మీద పన్నెండు వారాల ప్రైవేటు క్లినిక్‌కు డబ్బు పెట్టేకంటే నాలుగు వారాలు మంచి టీచింగ్ హాస్పిటల్లో గడపడం మేలు. మిగిలిన డబ్బు రెసిడెన్సీ అప్లికేషన్లకు పనికొస్తుంది, అప్పుడు కూడా లక్షల్లోనే ఖర్చవుతుంది.

టీకాల ఫారంతో చాలామంది చివరి నెలలో పరుగులు పెడతారు. ఏఏఎంసీ ఫారంలో టీకా వేయించుకున్నామని ఊరికే రాస్తే సరిపోదు. మీజిల్స్, మంప్స్, రుబెల్లా, చికెన్‌పాక్స్‌లకు డోసుల తేదీలున్న రికార్డు గానీ రక్తపరీక్షలో యాంటీబాడీలు గానీ చూపించాలి, హెపటైటిస్ బీకి యాంటీబాడీ పరీక్ష కూడా కావాలి. హెపటైటిస్ బీ టైటర్ (రక్తంలో యాంటీబాడీల మోతాదు) తక్కువొస్తే మళ్లీ డోసులు, మళ్లీ పరీక్ష, నెలలు పడుతుంది. టీబీకి చర్మ పరీక్ష కాకుండా ఐజీఆర్ఏ రక్తపరీక్ష చేయించండి. మనందరికీ చిన్నప్పుడు బీసీజీ వేశారు కాబట్టి చర్మ పరీక్ష పాజిటివ్ చూపించవచ్చు, అప్పుడు ఎక్స్‌రే, వివరణ అంటూ తిరగాలి.

హైదరాబాద్ నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో ఇంటర్వ్యూకు వెళ్లినప్పుడు చేసేది ఉన్నదున్నట్టు చెప్పండి. రొటేషన్‌కు వెళ్తూ "టూరిజం" అనడం అన్నిటికంటే చెడ్డ సలహా. ఆఫీసరు చేతిలో అప్లికేషన్ ఉంది, మీ చేతిలో ఆసుపత్రి లెటరుంది. విద్యార్థులు ఎలక్టివ్ లెటరు, కాలేజీ ఎన్‌ఓసీ, తిరిగొచ్చి చేరాల్సిన ఇంటర్న్‌షిప్ వివరం పట్టుకెళ్లాలి. గ్రాడ్యుయేట్లు "అబ్జర్వర్‌షిప్, పేషెంట్ కేర్ లేదు, జీతం లేదు" అని అదే మాట చెప్పాలి. అపాయింట్‌మెంట్ తేదీలు కొన్నిసార్లు నెలల దూరంలో దొరుకుతాయి కాబట్టి రొటేషన్ ఖాయం కాకముందే స్లాట్ల మీద కన్నేసి ఉంచండి.

చివరికి చూసేది లెటరే

అప్లికేషన్‌లో ఒక్కో ప్రోగ్రాముకు నాలుగు లెటర్లు మించి పంపలేరు. రెండు రకాల లెటర్లు ఎలా ఉంటాయో చూడండి. ఒకటి: "ఈ విద్యార్థి నా క్లినిక్‌లో నాలుగు వారాలు ఉన్నారు. సమయపాలన ఉంది, చురుకైనవారు, ఏ ప్రోగ్రాముకైనా మంచి చేర్పు అవుతారు." రెండోది: "మూడో వారంలో ఊపిరాడక వచ్చిన ఒక వృద్ధురాలికి మా టీమ్ న్యుమోనియా అనుకుంటుండగా, ఈమె కాళ్ల వాపు గమనించి గుండె వైఫల్యం కూడా చూడమంది. మా ఇంటర్న్‌లతో పోలిస్తే పైవరుసలో ఉంటుంది." మొదటిది ఎవరికైనా సరిపోతుంది. రెండోది ఆ ఒక్కరిదే. మీకు దొరికే రొటేషన్‌లో ఇలాంటి వాక్యం రాయడానికి ఆ డాక్టరుకు అవకాశం ఉంటుందా అని వేసుకుని చూస్తే, పోస్టర్లలో సగం వాటంతటవే పక్కకు పోతాయి.

లెటరు అడగాల్సింది చివరి వారం మొదట్లో, ఎదురుగా నిలబడి. "గట్టి లెటర్ రాయగలరా?" అనే అడగండి, తటపటాయిస్తే థాంక్స్ చెప్పి ఇంకొకరిని అడగండి. మీ రెజ్యూమె, మీరు చూసిన కేసుల్లో రెండు మూడింటి వివరం ఒక పేజీలో రాసి అదే రోజు ఈమెయిల్ చేయండి. లెటరు అప్‌లోడ్ చేసేది డాక్టరే, మీకు చూసే వీలుండదు. చూసే హక్కు వదులుకున్నట్టు టిక్ పెడితేనే ప్రోగ్రాములు దాన్ని నమ్ముతాయి. అప్లికేషన్లు సెప్టెంబరులో వెళ్తాయి. జూన్‌లో ఒకసారి, ఆగస్టు మొదట్లో ఒకసారి మర్యాదగా గుర్తుచేయండి. డాక్టరు పట్టించుకోకపోతే ఆఫీసు మేనేజర్‌కు రాయండి, చాలా క్లినిక్‌లలో ఈ పని కదిలించేది ఆమే.